దారం కట్టిన మందారం

సోమవారం పొద్దున అంజమ్మ చేసుకున్న ఏర్పాటులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదటి బస్సుకు పెద్దమందడిలో ఉన్న కూతురి ఇంటికి పోవాలి. మంగళవారం ఆడపిల్లను ఇల్లు కదిలించరు కనుక ఆ రోజు అక్కడే ఉండాలి. బుధవారం మంచిరోజు, ఏడో నెల పడిన గీతను తొలికాన్పుకు పుట్టింటికి తీసుకొచ్చుకోవాలి. ఈలోగా ఇంటి దగ్గర మొగుడు కురుమూర్తి చేయవలసింది ఒక్కటే పని. వాకిట్లో ఉన్న రెండు మందారం చెట్లలో ఒకదాన్ని పీకి తగలబెట్టాలి. మగవాళ్లకు ఒక్కటే పని అప్పజెప్పి ఊరికి పోవడం ఎంత ప్రమాదమో ఇన్నేళ్లు కాపురం చేసిన అంజమ్మకు తెలియకపోవడమే వింత.

చెట్లకు పిండినల్లి పట్టింది. కొమ్మల కణుపుల్లో జొన్నపిండి చల్లినట్టు తెల్లగా పురుగు, ఆ పురుగు కార్చే జిగురు కోసం చీమల బారులు. ఆ చీమలు చెట్టు దిగి, పక్కనే వాల్చిన నులక మంచం ఎక్కుతున్నాయి. కడుపుతో ఉన్న పిల్ల వచ్చి నడుం వాల్చవలసింది ఆ మంచం మీదే. అంజమ్మ సబ్బునీళ్లు కొట్టింది, వేపనూనె కొట్టింది, బూడిద చల్లింది, ఓపిక ఉన్నంతసేపు తిట్టింది కూడా. పురుగు దేనికీ లొంగలేదు. రెండూ చావడం కన్నా ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని బతికించుకోవడం మేలని చివరికి మనసు రాయి చేసుకుంది.

"గీత నాయినా, జర ఇను. రెండిట్ల ఒకదాన్ని పీకెయ్. గుర్తుకు ఎర్రదారం కట్టిన. పీకినంక ఆడనే ఉంచకు, కాలవెట్టు. ఆ జాగల కల్యామాకు పెడదాం, పిల్లకు కూరలకు ఐతది."

"సరే, సరే."

"ఏం సరే? ఇన్నవా?"

"ఇన్న. దారం, పీకుడు, కాలవెట్టుడు, కల్యామాకు."

బస్సు హారన్ కొట్టింది. అంజమ్మ పరుగెత్తింది. దారం నుంచి కరివేపాకు దాకా చెప్పినదంతా వరసగా అప్పజెప్పిన మొగుణ్ణి ఏ ఆడదీ అనుమానించదు.

కురుమూర్తి చేనులో ఏ సాలులో ఏ మొక్క వంగి ఉందో నిద్రలో అడిగినా చెప్పగలడు. వాకిలి మాత్రం అంజమ్మ రాజ్యం. అందులో ఏ చెట్టు ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఆయన ఏనాడూ అడగలేదు. కానీ దారం సంగతి ఆయనకు బాగా తెలుసు. గద్వాల చుట్టుపక్కల ఊళ్లన్నీ విత్తనపత్తి మీద బతుకుతాయి. ఆ చేలల్లో వేరే రకం మొక్క, అంటే బెరుకు, ఒక్కటి కలిసినా పంటంతా పాడు. అందుకే చేను చూడవచ్చే కంపెనీ మనిషి బెరుకు మొక్క కనిపించినచోటల్లా ఒక దారమో పేలికో కట్టి పోతాడు. వెనకాలే రైతు వచ్చి దాన్ని వేళ్లతో సహా పీకేస్తాడు. ఏళ్ల తరబడి కురుమూర్తి చేస్తున్న పని అదే. సాయంత్రం చేను నుంచి వచ్చి, గడ్డపార తీసుకుని, దారం కట్టిన మందారాన్ని పీకి, వాకిలి అవతల కుప్పవేసి కాల్చేశాడు. పని అయ్యాక చేతులు దులుపుకుని, అంజమ్మ తనను ఊరికే సతాయిస్తుంది గానీ తను చెప్పిన మాట వినే మనిషేనని సంతోషపడ్డాడు.

ఆ సంతోషం మంగళవారం పొద్దున పక్కింటి జంగమ్మ పూజకు పువ్వు కోసుకోవడానికి వచ్చేదాకా నిలిచింది.

"అన్నా, ఇంకో చెట్టేది?"

"పీకిన. మీ వదినే పీకమన్నది. దారం కట్టిపోయింది."

జంగమ్మ చేతిలో పళ్లెం అట్లాగే ఉండిపోయింది. "దారం కట్టినదాన్ని పీకినవా? ఏం పని చేసినవు అన్నా. దారం కట్టేది ఉంచనీకె గదా."

జంగమ్మ, అంజమ్మ కలిసి ఏళ్లుగా పత్తి క్రాసింగు పనికి పోతున్నవాళ్లు. ఆ పని పూర్తిగా ఆడవాళ్లది. పొద్దున్నే ఆడపువ్వు మీద మగపువ్వు పుప్పొడి రాసి, ఆ పువ్వు తొడిమకు దారం చుట్టి పోతారు. దారం ఉన్న కాయే విత్తనానికి పనికొచ్చేది, ప్రాణంలా చూసుకోవలసింది. దారం లేనిదాన్ని గిల్లి పారేస్తారు. ఒకే చేనులో మగవాళ్లకు దారం అంటే చావు, ఆడవాళ్లకు దారం అంటే బతుకు. ఇన్నేళ్లుగా ఈ విషయం ఎవరికీ అడ్డం రాలేదు. కురుమూర్తి వాకిట్లోనే అడ్డం వచ్చింది.

"పోనీ తియ్, మందారమే గదా," అన్నాడు కురుమూర్తి, గొంతు కొంచెం తగ్గించి.

"మందారమే గదానా? రెండిట్ల ఏదో నాకు తెల్వదు గానీ ఒకటి గీత పుట్టినప్పటిది అన్నా. గద్వాల కాన్పుల దవాఖానల నువ్వు ఇరిచి ఇచ్చిన కొమ్మ. వదినె నాట్లకు పోయినా, క్రాసింగుకు పోయినా గదే చెప్పుకుంటది. నా మొగుడు నా చేతికి తెచ్చిచ్చింది ఇదొక్కటేనే అని. గాదాన్ని ఉంచుకోక ఇంకేం ఉంచుకుంటది?"

కురుమూర్తి అరుగు మీద కూర్చుండిపోయాడు. జంగమ్మ చెప్పేదాకా గుర్తు లేదు, చెప్పాక మొత్తం గుర్తొచ్చింది. ఆ రోజు వాన. దవాఖాన గోడ పక్కన తడుస్తూ నిలబడ్డాడు. బిడ్డ పుట్టిందని చెప్పారు. ఉత్త చేతులతో లోపలికి ఎట్లా పోవాలో తోచక, చేతికందిన మందారం కొమ్మ విరుచుకుని పోయాడు. అంజమ్మ దాన్ని చూసి నవ్వింది. ఇంటికి తెచ్చి నాటిందని మాత్రం ఆయన పట్టించుకోలేదు. ఇప్పుడు ఆమె తిరిగొచ్చి చూస్తే ఏమనుకుంటుంది? ఇచ్చినవాడికే గుర్తు లేదని అనుకుంటుంది. అది నిజం కూడా కావడంతో ఆయన గుండె మరింత బరువెక్కింది.

అంత బరువు గుండెతో ఉన్న మనిషి తెలివిగా ఆలోచించడం కష్టం. కురుమూర్తి ఆలోచించాడు. ఒక చెట్టు పీకి ఒకటి మిగిలితే తప్పుడు చెట్టు పీకినట్టు తెలిసిపోతుంది. రెండూ పీకేస్తే పురుగు ఉధృతంగా ఉండి పీకాడని అంటారు, అదే దవాఖాన నుంచి కొమ్మ మళ్లీ తెచ్చి నాటితే ముందుచూపున్నవాడని అంటారు. జంగమ్మ వెళ్లగానే మళ్లీ గడ్డపార తీసి రెండోదాన్ని కూడా పీకి కాల్చేశాడు. జంగమ్మ మొగుడు ఈరన్న ఆటో నడుపుతాడు. అతన్ని కేకేసి, "గద్వాలల చిన్న పని ఉన్నది, పా" అని ఎక్కి కూర్చున్నాడు. మందారం కొమ్మ కోసం గద్వాల దాకా పోతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసి, పని ఏమిటో చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆ కాన్పుల దవాఖాన ఇంకా అక్కడే ఉంది. లోపల గోడ వెంబడి మందారాలూ ఉన్నాయి. పూజల కోసం పొద్దున్నే ఎవరో పువ్వులన్నీ కోసేసుకుపోగా ఉత్త ఆకులతో నిలబడ్డాయి. గేటు దగ్గర కాపలా మనిషి కట్టె అడ్డం పెట్టాడు.

"మొగోళ్లను ఊకెనే లోపలికి ఇడువం. ఎవరున్నరు నీకు?"

"నా బిడ్డ," అన్నాడు కురుమూర్తి. అది పూర్తి అబద్ధం కూడా కాదు. ఆయన బిడ్డ అక్కడ ఉండింది, ఇరవై ఏళ్ల కిందట.

లోపలికి పోయి, అటూ ఇటూ చూసి, ఒక కొమ్మ విరిచి తుండుగుడ్డలో చుడుతుండగా వరండాలోంచి నర్సు లలితమ్మ పిలిచింది. "ఓ పెద్దాయనా, రేఖ వాళ్ల నాయినవి నువ్వేనా?"

దొంగతనం చేస్తూ దొరికినవాడు ఏం అడిగినా తల ఊపుతాడు. కురుమూర్తి కూడా కొమ్మను వెనక దాచుకుని ఊపాడు.

"ఇప్పుడా వచ్చేది? పొద్దుటి నుంచి పిల్ల ఒక్కతే ఉన్నది. నొప్పులు మొదలైనయి. పో, వేన్నీళ్లు తే. చాయ తే."

కురుమూర్తి వేన్నీళ్లు తెచ్చాడు, చాయ తెచ్చాడు. లోపల మంచం మీద గీత ఈడు పిల్ల ఒకతె మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. "మీ నాయిన వచ్చిండు, ఇగ ఏడువకు," అని నర్సు పోయింది. ఆ పిల్ల ఆయన మొహం చూసింది, చాయ గ్లాసు చూసింది, ముందు చాయ తాగింది.

"నువ్వెవరు?" అన్నది తర్వాత.

"కొమ్మ కోసం వచ్చినోణ్ణి తల్లీ," అని కురుమూర్తి ఉన్నదంతా చెప్పాడు. దారం సంగతి వచ్చేసరికి ఆమె నొప్పుల మధ్యే నవ్వింది. నవ్వి, నడుం పట్టుకుని, మళ్లీ నవ్వింది. ఆమెది మానవపాడు దిక్కు. మొగుడు ప్రదీప్ బొంబాయిలో కట్టడం పనిలో ఉన్నాడు, కబురంది రైలెక్కాడు. తండ్రి కూడా ఎక్కడో పని మీదే ఉన్నాడు. తోడు వచ్చిన మేనత్త బట్టలు తేవడానికి ఊరికి పోయి ఇంకా రాలేదు.

"నేను పోత మల్ల," అన్నాడు కురుమూర్తి. "రేపటికి కొమ్మ నాటాలె."

"జర ఉండు కాకా. మావోళ్లు వచ్చేదాక. ఒక్కదాన్నే ఉండాలంటే భయమైతున్నది."

కురుమూర్తి కొమ్మను నీళ్ల చెంబులో పెట్టి ఉండిపోయాడు. గీత కూడా ఇట్లాగే భయపడుతుందేమో అనిపించింది, అంతే. మధ్యాహ్నానికి మగపిల్లవాడు పుట్టాడు. లలితమ్మ పాత చీరలో చుట్టి తెచ్చి, "పట్టుకో, మనుమడు," అని చేతుల్లో పెట్టింది. గీత పుట్టినప్పుడు ఆయన భయపడి ఎత్తుకోలేదు. ఇప్పుడు వద్దనడానికి వ్యవధి కూడా లేకపోయింది. పిల్లవాడు ఆవలించాడు. కురుమూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎవరి పిల్లవాడన్న సంగతి ఆ కాసేపు పూర్తిగా మరిచిపోయాడు.

గేటు బయట ఆటోలో విసుగెత్తిన ఈరన్న కాపలా మనిషిని అడిగాడు, "మావోడు ఏం చేస్తుండు లోపల?"

"ఆయన బిడ్డ కాన్పైంది. మొగపిల్లోడు. ఎత్తుకొని ఏడుస్తుండు."

గీతకు నెలలు నిండకుండానే కాన్పయిందని, ఆ దిగులుతోనే కురుమూర్తి దారిలో నోరు విప్పలేదని ఈరన్నకు అర్థమైపోయింది. వెంటనే సెల్ తీసి జంగమ్మకు చెప్పాడు. జంగమ్మ వెంటనే అంజమ్మకు ఫోన్ చేసింది.

"వదినా, ఏడో నెలల్నే కాన్పైందంట గదా. గీత పానం ఎట్లున్నది?"

పెద్దమందడిలో అంజమ్మ ఎదురుగా చూసింది. గీత చింతతొక్కుతో జొన్నరొట్టె తింటున్నది. రెండోది.

"రొట్టె తింటున్నది. ఎవరన్నరు నీకు గిట్ల?"

"మా ఆయన గద్వాల దవాఖాన గేటు కాడ్నుంచి ఫోన్ చేసిండు. అన్న లోపల్నే ఉన్నడంట. మనుమణ్ణి ఎత్తుకొని ఏడుస్తుండంట."

"ఏమైందమ్మా?" అన్నది గీత.

"నీకు కొడుకు పుట్టిండంట."

"నాకు తెల్వకుండనా?"

అంజమ్మ ఫోన్ పెట్టేసింది. గీతకు పుట్టలేదు. కానీ కురుమూర్తి బిడ్డకు పుట్టాడు. ఈ రెండూ నిజమైతే మూడో నిజం ఏమిటో ఆమెకు తట్టింది. మందులు తేవాలని, విత్తనాలు తేవాలని ఆ మనిషి మాటిమాటికీ గద్వాల పోవడం, వచ్చాక అడిగినదానికి పొడిపొడిగా జవాబు చెప్పడం వరసగా కళ్లముందు కదిలాయి. నిజానికి ఆయన దేనికైనా పొడిపొడిగానే జవాబు చెబుతాడు. ఆ సమయంలో అది గుర్తుకు రాలేదు.

"అల్లుడూ, జీపు మాట్లాడు," అన్నది. "అమ్మా, ఇయ్యాల మంగళారం," అన్నది గీత. "మంగళారమే. నా కొంప మునిగినంక మంచిరోజు ఎవరికి గావాలె?" గీత కూడా ఎక్కి కూర్చుంది. వద్దన్నా వినలేదు. తండ్రి రెండో సంసారం చూసే అవకాశం ఏ కూతురు వదులుకుంటుంది? జీపు మెల్లగా పోవాలని అల్లుడు, జల్ది పోవాలని అత్త, దారి పొడుగునా డ్రైవర్ తల తిన్నారు. వనపర్తి దాటేదాకా ఏడ్చిన అంజమ్మ, కృష్ణానది దాటాక ఏడుపు ఆపేసి అడగవలసిన మాటలు కూడగట్టుకుంది.

పొద్దు గూకే వేళకు ఆమె వార్డులో అడుగుపెట్టింది. కురుమూర్తి పిల్లవాణ్ణి ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎవరీ పిల్ల?"

కురుమూర్తి నోరు తెరిచేలోగా లలితమ్మే అందుకుంది. "ఆయన బిడ్డ రేఖ. నువ్వెవరమ్మా?"

"ఆయన పెండ్లాన్ని. ఇది ఆయన బిడ్డ గీత."

లలితమ్మ రేఖను చూసింది, గీత కడుపును చూసింది, కురుమూర్తిని తల నుంచి కాళ్ల దాకా చూసింది. "పెద్దాయనా, నువ్వు మామూలోనివి గాదు," అన్నది.

"అంజీ, నువ్వు అనుకుంటున్నట్టు గాదు..."

"నేనేం అనుకుంటున్ననో నీకెట్ల తెల్సు? ఎన్నేండ్ల నుంచి సాగుతున్నదీ కత? నన్ను ఇంత మోసం... తల పట్టుకో. తల జారుతున్నది, పసిగుడ్డు మెడ నిలుస్తదా? ఇటు తే." అంజమ్మ పిల్లవాణ్ణి లాక్కుని, సరిగ్గా పడుకోబెట్టుకుని, కొంగుతో గాలి తగలకుండా కప్పి, అప్పుడు మిగతా తిట్లు మొదలుపెట్టింది. పిల్లవాడు లేస్తాడని అవి కూడా గుసగుసగానే తిట్టింది.

చివరికి రేఖే అన్నది, "అమ్మా, మా నాయిన గాదు ఈయన. నీ చెట్టు కొమ్మ కోసం వచ్చిండు. నేనే ఉండుమన్న."

చెంబులో ఉన్న కొమ్మ చూపించింది. కురుమూర్తి చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాన దగ్గర మొదలుపెట్టాడు. గోడ పక్కన తడవడం, ఉత్త చేతులతో రాలేక కొమ్మ విరవడం, అంజమ్మ నవ్వడం. అంజమ్మ కూర్చుంది.

"గదంత యాదున్నదా నీకు?"

"లేకుండె. జంగమ్మ చెప్తే యాదికొచ్చింది," అన్నాడు ఆ అమాయకుడు. "నువ్వు దారం కట్టి దాసుకున్న చెట్టును నేను పీకి కాలవెట్టిన. తప్పైంది అంజీ. మల్ల గదే కొమ్మ తెచ్చి పెడ్దామని వచ్చిన."

అంజమ్మ తెల్లబోయింది. "దాసుకున్నదేంది? పీకనీకెనే గదా కట్టింది."

"మీ ఆడోళ్లు దారం కడితే ఉంచనీకె గదా?"

"మా కోసం మేం కట్టుకుంటే గట్ల. పీకేటోనివి నువ్వు. నీకు తెల్సిన తీరుగ కడితే నీకు ఎరుకైతదని కట్టిన." ఆమె కళ్లు తుడుచుకుంది. మొహం మీద మొదటిసారి వెలుగొచ్చింది. "అంటే నువ్వు పీకింది సరైందే. మా తల్లిగారింటి నుంచి తెచ్చిన కొమ్మ అది. ఇగ మన దవాఖాన చెట్టు యాడిదాడ్నే ఉన్నది."

కురుమూర్తి పైకప్పు వైపు చూశాడు.

"ఉండె," అన్నాడు.

గీత నవ్వు ఆపుకోలేక మొహం గోడకు తిప్పుకుంది. రేఖ నొప్పి పుడుతున్నా ఆపుకోలేదు. అంజమ్మ మాత్రం ఆ మనిషినే చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏళ్లు ఆమె ఆయన బుర్రతో ఆలోచించి కాపురం చేసింది. ఆయన ఒక్కరోజు ఆమె బుర్రతో ఆలోచించాడు, రెండు చెట్లూ పోయాయి. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. దుఃఖం వచ్చింది, దాని వెనకే నవ్వు వచ్చింది.

"మందులకని గద్వాలకు పోతే దినమంత చేస్తవు. కొమ్మ కోసం వచ్చి ఒకరి బిడ్డకు కాన్పు చేసినవు," అన్నది. "అన్నం తిన్నవా?"

"లేదు."

"నాకు తెల్సు."

మేనత్తకు బస్సు దొరకలేదని కబురొచ్చింది, అందుకే ఆ రాత్రి రేఖ దగ్గర అంజమ్మే ఉంది. ప్రదీప్ మరునాడు వచ్చాడు. పిల్లవాణ్ణి ఎట్లా పట్టుకోవాలో అతనికి కురుమూర్తే నేర్పించాడు, తల జారకుండా. బుధవారం మంచిరోజు కనుక ఆ రోజే గీతను తీసుకుని ఇల్లు చేరారు. గుంతల్లో మన్ను ఎండకు ఆరబోసి, వేపపిండి కలిపి, ఒక గుంతలో కల్యామాకు, ఒక గుంతలో కొమ్మ నాటారు. నాటేటప్పుడు కొమ్మను కురుమూర్తి పట్టుకున్నాడు. వదలమన్నా కాసేపు వదల్లేదు.

కొమ్మ బతికింది. కొత్త ఆకు వేసినప్పుడల్లా కురుమూర్తి చేనుకు పోయే ముందు వంగి, కణుపుల్లో తెల్లగా ఏమైనా ఉందా అని చూసేవాడు. గీతకు అదే దవాఖానలో ఆడపిల్ల పుట్టింది, ఈసారి ఆయన ఎవరూ చెప్పకుండానే ఎత్తుకున్నాడు. పిల్లకు పాలపళ్లు వచ్చేనాటికి మందారం మొదటి మొగ్గ వేసింది. ఒక పొద్దున అది విచ్చుకుంది. పాత చెట్టు పువ్వు నిప్పులాంటి ఎరుపు. ఇది అచ్చమైన పసుపు.

కురుమూర్తి దాని ముందు నిలబడి పాలిపోయాడు. ఆ గోడ వెంబడి ఉన్నవాటిలో ఆయన విరిచింది వేరే చెట్టు. అంజమ్మ వచ్చింది, పువ్వును చూసింది, మొగుడి మొహం చూసింది. పువ్వు కోసి కొప్పులో పెట్టుకుంది.

"గదే చెట్టు," అన్నది. "గా దినం నువ్వు తెచ్చిన ఎర్రమందారమే."

కురుమూర్తి కళ్ల డాక్టరుకు చూపించుకుందామా అని ఒక పూటంతా ఆలోచించి, తర్వాత మానుకున్నాడు.